మిరప కల్లంలో చంటిపిల్ల

నేను నర్సుని. భద్రాచలం వెళ్లే దారిలో అడవి మొదలయ్యే చోట ఒక చిన్న సబ్ సెంటర్ ఉంది, అక్కడ ఏఎన్ఎంగా పని చేస్తాను. పుట్టి పెరిగింది ఖమ్మం పట్నంలో. చుట్టుపక్కల గూడేల వాళ్లు మొదట్లో నన్ను సిస్టర్ అనేవాళ్లు, తరువాత అక్క అన్నారు, ఇప్పుడు నా స్కూటీ చప్పుడు వినపడితే కొందరు పెరటి దారిన జారుకుంటారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆశా కార్యకర్త ఊరంతా చెప్పిపెట్టింది. నిజానికి అది కోపం కాదు, భయం. చంటిపిల్లల విషయంలో నాకు భయం వేస్తే అది నోట్లోంచి తిట్టుగానే బయటికి వస్తుంది. ఈ సంగతి మా అమ్మకే ఇంకా అర్థం కాలేదు, ఊరివాళ్లని ఏమనను.

ఆ పిల్ల చలి మొదలైన రోజుల్లో పుట్టింది, నెలలు నిండకుండానే. ఆడపిల్ల. తల్లికి అది మొదటి కాన్పు, తనకే ఇంకా చిన్నతనం పోలేదు. దవాఖానాలో గాజుపెట్టెలో కొన్నాళ్లు ఉంచి ఇంటికి పంపించారు. చూడటానికి వెళ్తే తల్లి పాత చీర మడతలు విప్పి చూపించింది. కళ్లు తప్ప ఇంకేం కనపడలేదు. నేను ఆమె రవికె విప్పించి, పిల్లని ఒంటికి ఒళ్లు తగిలేలా రొమ్ముల మధ్య పెట్టి గుడ్డతో కట్టాను. పగలూ రాత్రీ ఇట్లాగే ఉండు, నీ ఒంటి వేడే దీనికి మందు అన్నాను. తల ఊపింది. మాట తక్కువ మనిషి. అప్పటినుంచి ఆ గూడెం మీదుగా ఎప్పుడు వెళ్లినా ఆగి, త్రాసుకి గుడ్డ ఉయ్యాల తగిలించి పిల్లని తూచేదాన్ని. ముల్లు కాస్త కదిలిన రోజు నాకు అన్నం సయించేది. కదలని రోజు ఇంటికొచ్చి గిన్నెల మీద నా ప్రతాపం చూపించేదాన్ని.

పిల్ల నెమ్మదిగా తేరుకుంది. బుగ్గలు వచ్చాయి. నన్ను చూస్తే ఏడవడం కూడా నేర్చుకుంది. అంతా బాగుందనుకుంటుండగా మిరపకాయల కాలం వచ్చిపడింది.

వరి కోతలు అయిపోయాక మా గూడేల్లో సగం ఇళ్ల తలుపులకి అడ్డంగా వెదురు కర్ర పడుతుంది. ఇంట్లో ఎవరూ లేరని గుర్తు. మిరపకాయ ఏరడానికి తల్లాడ, బోనకల్, కారేపల్లి వైపు పోతారు. తెల్లవారుజామున వ్యాన్ వస్తుంది. బియ్యం మూటలు, గిన్నెలు, కోళ్లు, పిల్లలు, అన్నీ ఎక్కుతాయి. ముఠాలుగా పోతారు. ముఠాకి ఒక పెద్ద ఉంటారు. ఎవరు ఏ సాలు పట్టాలి, ఎవరు అందరికీ వండాలి, ఎవరు కల్లం మీద కూర్చుని కాయ ఏరి వేరు చేయాలి అన్నది ఆ పెద్దే చెప్తారు. ఏ పని చేసినా కూలి ఒకటే. వండినామెకి తక్కువా, ఎండలో వంగినామెకి ఎక్కువా అని వాళ్ల లెక్కలో ఉండదు. చంటిపిల్ల తల్లులకీ ముసలివాళ్లకీ నీడపట్టు పని ఇవ్వడం వాళ్ల పద్ధతి. ఎవరూ చెప్పక్కర్లేదు, అట్లా జరిగిపోతుంది.

ఈ పిల్ల నాయనమ్మే ఒక ముఠాకి పెద్ద. కోడల్ని ఇక్కడే ఉంచి పొమ్మని ఆమెకి ముందే చెప్పాను. "అవ్ అక్క, గట్లనే" అంది. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. తరువాతి వారం త్రాసు పట్టుకుని వెళ్తే తలుపుకి కర్ర అడ్డంగా ఉంది. పక్కింటి అరుగు మీద ఒక కుక్క తప్ప ఎవరూ లేరు. ఆశా కార్యకర్తని పిలిచి నిలదీశాను.

"పొద్దుగాలనే ఎక్కిన్రు సిస్టర్, తల్లాడ దిక్కు. నీకు జెప్తే తిడతవని జెప్పలే" అంది.

"ఇప్పుడు తిట్టనా?" అన్నాను.

"ఇప్పుడు తిట్టినా గాడీ ఎన్కకు రాదు గదా" అంది ఆమె. ఆమెకి నాతో ఉండి ఉండి నా తిట్లంటే లెక్క లేకుండా పోయింది.

ఇంట్లో ఉంచిపోతే ఆ పిల్లతల్లికి తోడెవరు? మగవాళ్లు కూడా బస్తాలు మోయడానికి పోయారు. ఏడాది మొత్తానికి కళ్లజూసే కూలి అదే. ఆ ముసలామె స్థానంలో నేనున్నా వ్యాన్ ఎక్కించేదాన్నే. ఇదంతా నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన గుండె దడ తగ్గదు. ఎండలో డేరాల్లో, కాలవ నీళ్లు తాగుతూ, ఆ గుప్పెడు పిల్ల ఎట్లా ఉంటుంది? సూది మందు తేదీ కూడా దగ్గరపడింది. పడుకుంటే త్రాసు ముల్లే కనపడేది.

ఒకరోజు మధ్యాహ్నం ఆశా కార్యకర్త ఫోన్ చేసింది. గొంతులో ఎప్పుడూ ఉండే వేళాకోళం లేదు.

"సిస్టర్, ముసలామె ఫోన్ జేసింది. పిల్ల పాలు తాగుతలేదంట. నోరు పెట్టి కిర్రున ఏడ్చి ముఖం తిప్పుకుంటదంట. దగ్గు గూడ ఉందంట. అక్కడి డాక్టర్ ఎవరో సిరప్ ఇచ్చిండంట. సీసాల చక్కెర నీళ్లు పోస్తున్నరు."

"జ్వరముందా? ఒంటికి పోతోందా? ఎన్ని రోజుల్నుంచి?"

"అడుగుదామంటే ఫోన్ బంద్ అయింది."

నేను చేశాను. స్విచ్ ఆఫ్. మళ్లీ చేశాను. అన్నం తింటూ చేశాను, రిపోర్టులు రాస్తూ చేశాను, బాత్‌రూమ్ బయట నిలబడి చేశాను. ఫోన్‌లో ఆ ఆడమనిషి గొంతు, మీరు చేసిన నెంబరు ప్రస్తుతం పని చేయడం లేదని ఎంతో మర్యాదగా చెప్తూనే ఉంది. ఆమె మీద కూడా కోపం వచ్చింది. తల్లాడ వైపు పని చేసే ఏఎన్ఎం ఒకామె నాకు ట్రైనింగ్‌లో పరిచయం. ఆమెకి చెప్తే, "రైతు పేరు చెప్పు, ఇప్పుడే పోత. పేరు లేకుంటే ఎక్కడని వెతకాలె చెప్పు, ఏ చేను చూసినా డేరాలే" అంది. పాపం, ఆమె మాటా నిజమే. నాకు రైతు పేరు తెలియదు.

నెలలు నిండని పిల్ల పాలు మానేసిందంటే మా వృత్తిలో దానికి ఒకే అర్థం. లోపల ఏదో పట్టుకుంది. ఊపిరితిత్తుల్లో నెమ్మో, నెత్తుట్లో విషమో. అట్లాంటి పిల్ల పొద్దున ఉన్నట్టు సాయంత్రం ఉండదు. నేను చూశాను. అందుకే తెల్లారేదాకా ఆగడం నా వల్ల కాలేదు, కానీ ఆగక తప్పలేదు, ఎక్కడికి పోవాలో తెలిస్తే కదా.

మరునాడు ఆదివారం. జ్వరం వచ్చి ముఠా నుంచి తిరిగొచ్చిన ఒకతన్ని ఆశా కార్యకర్త పట్టుకుంది. తల్లాడ దాటాక రైస్ మిల్లు, దాని వెనక కాలవ, కాలవ అవతల వేపచెట్టు ఉన్న కల్లం, ఆ చుట్టూ నీలం పట్టా డేరాలు, అని చెప్పాడు. అదే చాలనుకున్నాను. ఆ వారం ఎట్లాగూ ఖమ్మం ఇంటికి పోవాల్సి ఉంది, సంచిలో బట్టలు సర్దే ఉన్నాయి. వాటి మీద స్టెతస్కోపు, థర్మామీటరు, త్రాసు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు పడేసి బస్సెక్కాను.

కొత్తగూడెంలో బస్సు మారేటప్పుడు అమ్మ ఫోన్ చేసింది. "బయల్దేరినవా బిడ్డా? మీ అన్న మటన్ తెచ్చిండు. జల్దీ రా" అంది. వస్తున్నానన్నాను. ఎక్కడికన్నది చెప్పలేదు. రోడ్డుకి అటూ ఇటూ కల్లాలు ఎర్రగా కనపడుతూనే ఉన్నాయి. ప్రతి డేరా చూసి ఇదే అనుకోవడం, నీలం పట్టా కాదని తెలిసి ఊపిరి వదలడం. అక్కడికి పోయేసరికి ఏడుపులు వినపడితే ఏం చేయాలి, ఏ ముఖం పెట్టుకుని నిలబడాలి అని ఆలోచిస్తూ పక్కనున్న పెద్దమనిషి ఏదో అడిగితే కసిరాను. ఆయన టైం ఎంతయిందని అడిగాడంతే.

తల్లాడలో ఆటో అతనికి గుర్తులు చెప్పాను. "కోయోళ్ల ముఠానా? ఆళ్ల నీళ్ల డ్రమ్ము నేనే దించిన, రైతు పంపితే" అన్నాడు. ఆ మాట వినగానే అతన్ని దేవుడే పంపాడనిపించింది. కాలవ గట్టు దగ్గర ఆపాడు. నేను వచ్చేదాకా కదలొద్దని, అవసరమైతే ఖమ్మం పెద్దాసుపత్రికి పోవాలని చెప్పాను. "జల్దీ రా మేడమ్" అని సీటు మీద కాళ్లు చాపుకున్నాడు.

గట్టు దిగగానే ఘాటు ముక్కుకి కొట్టింది. రెండు తుమ్ములు తుమ్మాను. చేనులో ఆడవాళ్లు సాళ్ల వెంట వంగి ఉన్నారు. ఇవతల కల్లం నిండా ఎండిన కాయ పరిచి ఉంది. కల్లం పక్కనే వేపచెట్టుకి ఆనించి తాటాకు పందిరి. పందిరి కింద ఆ పిల్ల తల్లి కూర్చుని ఉంది. ఒక పక్క మంచి కాయ, ఒక పక్క రంగు పోయిన తాలు కాయ, మధ్యలో ఆమె. పందిరి గుంజల మధ్య చీర ఉయ్యాల. దాని తాడు ఆమె కాలి బొటనవేలికి కట్టి ఉంది. చేతులు కాయలు వేరు చేస్తుంటే కాలు ఉయ్యాల ఊపుతోంది.

ఆమె నన్ను చూసి లేచి నిలబడింది. నేను ఉయ్యాల వైపే పోయాను. లోపల పిల్ల ఉంది. కళ్లు తెరిచి ఉంది. అక్కడే చతికిలపడ్డాను.

బతికి ఉందన్న సంతోషం ఎంతోసేపు నిలవలేదు. నా సబ్బుతో, నా సీసాలో నీళ్లతో చేతులు కడుక్కుని పిల్లని ఒళ్లో వేసుకున్నాను. బుగ్గలు పోయాయి. నాలుక ఎండింది. మాడు కాస్త లోపలికి దిగింది. ఒంటికి పొద్దున ఎప్పుడో పోయిందట. త్రాసుకి తగిలించాను. ముల్లు ఎక్కడ ఆగిందో చూసి మళ్లీ చూశాను. అప్పుడే సాళ్లలోంచి పరుగెత్తుకొచ్చిన ముసలామెని చూడగానే నా నోరు లేచింది. పిల్లని చంపుకోవడానికే తెచ్చారా, ఫోన్ ఎందుకు ఆపారు, దవాఖానాకి ఎందుకు పోలేదు, నేను చెప్పినప్పుడు అవ్ అవ్ అని తల ఊపింది ఇందుకేనా అని గుక్క తిప్పుకోకుండా అడిగాను. ఆమె అన్నీ విని, "చార్జింగ్ అయిపోయింది అక్క. ఈడ కరెంట్ లేదు" అంది.

స్టెతస్కోపు పెట్టి విన్నాను. ఛాతీలో గురగుర లేదు. జ్వరం లేదు. ఊపిరి మామూలుగానే ఉంది. దగ్గు పొడిదగ్గు. నాకు అంతు చిక్కలేదు. లోపల జబ్బున్న పిల్ల ఇట్లా ఉండదు. చిటికెనవేలు పెదవికి ఆనించాను. పిల్ల తల తిప్పి వేలు అందుకుంది. ఎంత గట్టిగా చీకిందంటే నాకు నొప్పి పుట్టింది. ఆకలి మీద ఉంది. చీకే బలం ఉంది. మరి పాలెందుకు వద్దంటోంది?

"ఇప్పుడు పట్టు, నేను చూస్త" అన్నాను తల్లితో.

ఆమె చేతులు కడుక్కుంది. కొంగుతో రొమ్ము తుడుచుకుంది. రొమ్ములు పాలు నిండి గట్టిపడి ఉన్నాయి. తాగనందుకు పాలు పేరుకుని నొప్పి పెడుతుంటే డేరా వెనకకి పోయి నేల మీద పిండి పోస్తోందట. పిల్లని ఎదకి చేర్చింది. తల సరిగ్గా ఆనలేదని నేను రొమ్ము పట్టుకుని చనుమొన పిల్ల నోటికి అందించాను. పిల్ల ఆత్రంగా అందుకుంది. ఒక గుక్క, రెండో గుక్క. అంతే, ముఖమంతా ఎర్రబారి, నోరు వదిలేసి, ఒళ్లు విల్లులా వంచి ఏడ్చింది. ఆ ఏడుపు ఆకలి ఏడుపు కాదు. సూది గుచ్చినప్పుడు ఏడ్చే ఏడుపు. ఆ ఏడుపు నాకు బాగా తెలుసు.

"సూసినవా అక్క, రోజు గిదే" అంది ముసలామె. "తల్లి పాలు ఏడి జేసినయంటున్నరు అందరు."

ఇక ఇక్కడ ఆగి లాభం లేదు, ఆటో ఎక్కించి ఖమ్మం తీసుకుపోదామని లేచాను. కంట్లోకి కారుతున్న చెమటని చేత్తో తుడుచుకున్నాను. మరుక్షణం నా కుడికన్ను భగ్గుమంది. కళ్లు మూసుకుని నిలబడిపోయాను. నీళ్లు ధారగా కారుతున్నాయి. ముసలామె నన్ను పట్టుకుని, "కారం తగిలింది, రుద్దకు, రుద్దకు" అంటోంది. నేను మిరపకాయ ముట్టుకోలేదు. వచ్చిన దగ్గర్నుంచి పిల్లనీ, ఆ తల్లి రొమ్మునీ తప్ప దేన్నీ ముట్టుకోలేదు.

ఖమ్మంలో మా నాన్నది పరుపులు కుట్టే దుకాణం. పొద్దంతా దూది ఏకి వస్తే ఆయన జుట్టు, మీసాలు, చొక్కా అన్నీ దూదిపొడే. మేం ఎదురుపోతే అమ్మ గడప దగ్గరే ఆపేసేది. ఆయన స్నానం చేసి, బట్టలు మార్చుకుని, అప్పుడు పిలిస్తే వెళ్లాలి. దుకాణం ఇంట్లోకి రావద్దు అనేది అమ్మ. ఒంటి కన్ను మూసుకుని ఆ పందిరి కింద నిలబడితే, అమ్మ ఆపిన ఆ గడప ఇక్కడ లేదని అర్థమైంది.

ఇంకా ఎండని పండు మిరపకాయ చెట్టు నుంచి తొడిమతో ఏరితే చేయి మండేది కొంతే. కల్లం మీద ఎండిన కాయ వేరు. ముట్టుకుంటే పగులుతుంది, పొడి లేస్తుంది. ఈ పిల్లతల్లి ఆ పొడిలో పొద్దున్నుంచి సాయంత్రందాకా కూర్చుంటుంది. చేతులకి కారం, రవికెకి కారం, ఉయ్యాల చీరకి కారం. రోజంతా చెమట తుడుచుకునే కొంగుతోనే శుభ్రం కోసమని రొమ్ము తుడుచుకుంటుంది. ఒట్టి నీళ్లతో చేయి కడిగితే కారం పోదు. ఆమె పాలకి ఏ వేడీ లేదు. పిల్ల నోరు పెట్టిన ప్రతిసారీ నోరు మండుతోంది, దగ్గూ ఆ పొడిదే.

"నీకు మండలేదా?" అని అడిగాను.

"అందరికి మండుతది గదక్క" అంది ఆమె. మిరప పనిలో ఒళ్లు మండకపోతే విచిత్రం గానీ మండితే ఎవరు పట్టించుకుంటారు.

ఒక్కో సంగతి చెప్తుంటే ముసలామె ముఖం వాడిపోవడం నేను చూశాను. చివరికి అంది, "నేనే కూసోబెట్టిన అక్క. ఎండల వంగి ఏరితే పాలు ఎండిపోతయి, నీడపట్టున ఉంటది, పిల్ల కండ్ల ముందల ఉంటదని నేనే కల్లం మీద కూసోబెట్టిన." అప్పటిదాకా తిట్టడానికి నాకు మాటలు వెతుక్కోవాల్సిన పని పడలేదు. ఆ మాట విన్నాక ఒక్క తిట్టూ రాలేదు. ఆమె చేతిలో ఉన్న పనుల్లో మంచిదని ఏరి ఏరి ఆ పని ఇచ్చింది. నా కూతురికైనా నేను అదే ఇచ్చి ఉండేదాన్ని.

ముందు ఉయ్యాల విప్పించి పిల్లని కల్లానికి దూరంగా, గాలికి ఎదురువైపు ఉన్న డేరాలోకి మార్పించాను. వంట చేసే ఆమె దగ్గర నూనె ఉంది. ముసలామె గిన్నెడు తెచ్చి కోడలి చేతులకీ, మెడకీ, రొమ్ములకీ పట్టించి రుద్దింది. కారానికి నీళ్ల కంటే నూనె మేలు. తరువాత సబ్బు. మళ్లీ నూనె, మళ్లీ సబ్బు. డేరా వెనక పట్టా అడ్డం పెట్టి నీళ్ల డ్రమ్ము ఖాళీ అయ్యేదాకా స్నానం చేయించారు. ఒంటి మీదికి మాత్రం శుభ్రమైన గుడ్డ దొరకలేదు. వాళ్ల మూటల్లో ఏ చీర విప్పినా ఘాటే. నా సంచిలో నైటీ ఉందని గుర్తొచ్చింది. పెద్ద పెద్ద పువ్వులది, మా వదిన కొనిచ్చింది. తొడిగితే ఆ సన్నటి పిల్ల అందులో మునిగిపోయింది. సాళ్లలోంచి వచ్చి మూగిన ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆమెకి కూడా నవ్వు వచ్చింది, కానీ పిల్ల వైపు చూసి ఆపుకుంది.

ఈలోగా ముసలామె వంట చేసే ఆమెని పక్కకి పిలిచి వాళ్ల భాషలో ఏదో చెప్పింది. నాకు సగమే అర్థమైంది. రేపటినుంచి నువ్వు సాళ్లలోకి రా, పొయ్యి దగ్గర ఈమె ఉంటుంది అని. ఆమె సరేనని గంటె తుడిచి పక్కన పెట్టింది. అంతే, చర్చ అయిపోయింది. మా ఆఫీసులో డ్యూటీ మార్చాలంటే ఎంత తతంగమో గుర్తొచ్చి ఆశ్చర్యపోయాను.

అయినా నా దడ తగ్గలేదు. నేను అనుకున్నది తప్పయితే? కారం ఒక వంక మాత్రమే అయి, లోపల నిజంగా జబ్బు ఉంటే? నైటీలూ నూనెలూ అంటూ నేను పోగొట్టిన గంట ఆ పిల్లకి మిగిలిన గంటే అయితే? గట్టు మీద ఆటో అతను రెండుసార్లు హారన్ కొట్టాడు. ఇప్పుడు తాగకపోతే మరు నిమిషంలో ఆటో ఎక్కాలని తల్లికీ అత్తకీ చెప్పాను. ముసలామె అప్పుడే చిన్న మూట కట్టి పెట్టింది.

తల్లిని డేరాలో గోడలా పేర్చిన బియ్యం బస్తాలకి ఆనించి కూర్చోబెట్టాను. "నువ్వు చేతులు పెట్టకు. ఎంత కడిగినా గోళ్ల సందుల్లో ఉంటుందేమో. నేనే పట్టుకుంట" అన్నాను. ఆమె చేతులు రెండూ పైకెత్తి పట్టుకుంది. నేను మళ్లీ సబ్బుతో కడుక్కుని, పిల్లని తెచ్చి ఎదకి ఆనించాను.

పిల్ల నోరు తెరవలేదు. పాల వాసన తగలగానే ముఖం అటు తిప్పేసింది. ఆకలితో ఉన్న పిల్ల, పెదవులు ఎండిన పిల్ల, అమ్మ రొమ్ము చూసి భయపడుతోంది. ఇంకోసారి చేర్చాను. పెదవులు బిగించి సన్నగా మూలిగింది. ఏడవడానికి కూడా ఓపిక తగ్గిపోతోంది. నా వీపు మీద చెమట కాలవ కట్టింది.

చనుమొన కాస్త నొక్కి ఒక చుక్క పిల్ల పెదవి మీద పడేలా చేశాను. నాలుక బయటికి వచ్చి దాన్ని తీసుకుంది. కిర్రున ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. ఇంకో చుక్క వేశాను. తీసుకుంది. మూడోదానికి పిల్ల తల తనే ఇటు తిరిగింది. అయినా నోరు పెట్టడానికి జంకింది. పెదవులు ఆనించి, తీసి, మళ్లీ ఆనించింది. అప్పుడు పట్టుకుంది. ఒక గుక్క. నేను ఆ ముఖం ఎర్రబారుతుందేమోనని చూస్తున్నాను. రెండో గుక్క, మూడోది. ఆగింది. అయిపోయిందనుకున్నాను. ఊపిరి తీసుకుని మళ్లీ మొదలుపెట్టింది. ఇక ఆగలేదు. గటగటా మింగుతున్న చప్పుడు డేరా అంతా వినపడింది. రెండో రొమ్ము పాలు వాటంతటవే కారి మా వదిన కొన్న పువ్వులన్నీ తడిసిపోయాయి.

ఎవరో గట్టు మీదికి పోయి ఆటో అతనికి ఆగమని చెప్పారు. ఎట్లాగైనా సాయంత్రానికి పిల్లని పెద్దాసుపత్రిలో చూపించే తీరతానని నేను అంటూనే ఉన్నాను. ఎవరూ వినలేదు. ముసలామె నా పక్కన కూలబడి ముఖం మోకాళ్లలో పెట్టుకుంది.

తల్లి పిల్లనే చూస్తోంది. నెమ్మదిగా అంది, "నేనంటేనే గిట్టదనుకున్న అక్క. అత్త ఎత్తుకుంటే ఊకుంటది. పక్క డేరా ఆమె ఎత్తుకుంటే ఊకుంటది. నేను దగ్గరికి తీసుకుంటెనే గట్ల ఏడుస్తది. నా కాడ ఉండబుద్ధి గాక నన్ను ఒద్దంటుందనుకున్న. అందుకే ఎత్తుకోవుడే బంద్ జేసిన. కాలుతోనే ఊపిన."

ఏడుపు వచ్చింది, ఏడ్చాను. కారం పడిన కన్ను ఎట్లాగూ కారుతూనే ఉంది గనక ఎవరికీ తెలియలేదనుకుంటాను. పిల్ల కళ్లు మూతలు పడుతున్నాయి, నోరు మాత్రం వదలడం లేదు. అప్పుడు చూశాను, తల్లి చేతులు రెండూ ఇంకా గాల్లోనే ఉన్నాయి. అంతసేపూ అట్లాగే పట్టుకుని కూర్చుంది.

"ఇగ ముట్టుకోనా అక్క?" అని అడిగింది.

నేను తల ఊపాను. ఆమె వెంటనే ముట్టుకోలేదు. ఒక్కో వేలూ నాలుక మీద పెట్టుకుని కారం ఉందేమో చూసుకుంది. అన్ని వేళ్లూ చూసుకున్నాక, ఆ చేతిని పిల్ల తల మీద పెట్టింది.